పట్టి చూసే మెతుకు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కలియబెట్టనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. పరీక్ష కూడా ఈ నమ్మకం మీదే పనిచేస్తుంది. ఏడాది పొడవునా చెప్పిన గణితమంతా అడగడం కుదరదు కనుక కొన్ని ప్రశ్నలడిగి, ఆ జవాబులను బట్టి మిగతాది అంచనా వేస్తాం. ఏ మెతుకు పట్టుకుంటారో వండేవారికి ముందే తెలియనంతవరకు ఆ అంచనాకు విలువ ఉంటుంది.

అమెరికాలో 2002 జనవరిలో అమలులోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 3 నుంచి 8వ తరగతి వరకు ఏటా పఠనంలోను, గణితంలోను పరీక్షలు తప్పనిసరి చేసి, 2014 కల్లా పిల్లలందరూ నిర్ణీత స్థాయి అందుకోవాలని గడువు పెట్టింది. పేద పిల్లల, నల్లజాతి పిల్లల, వికలాంగ బాలల ఫలితాలను విడివిడిగా చూపాలన్న నియమం వల్ల, బడి సగటు మార్కుల చాటున వారి వెనుకబాటును దాచడానికి వీల్లేకుండా పోయింది. నా దృష్టిలో అది నిజంగా మేలు చేసిన నియమం. అయితే వరుసగా లక్ష్యం తప్పిన బడులపై చర్యలు కూడా ఆ మార్కులతోనే ముడిపడ్డాయి.

ఒక కొలతను నిర్ణయాలకు ఎంత ఎక్కువగా వాడితే అది అంతగా వక్రీకరణకు లోనవుతుందని డొనాల్డ్ కాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించారు. 1990ల తొలినాళ్లలో కెంటకీ రాష్ట్రం బడులకు బహుమతులు, ఆంక్షలు ముడిపెట్టి నిర్వహించిన పరీక్షలో 4వ తరగతి పఠనం మార్కులు రెండేళ్లలో బాగా పెరిగాయి. కొందరు పిల్లలను ఎంపిక చేసి పెట్టే, ఎవరికీ లాభనష్టాలు లేని జాతీయ పరీక్షలో మాత్రం అదే రాష్ట్రపు పిల్లల మార్కులు దాదాపు కదలలేదు. అక్కడ మోసం జరిగి ఉండనక్కర్లేదు. ఎప్పుడూ వచ్చే తరహా ప్రశ్నలనే పదేపదే సాధన చేయిస్తే చాలు, ఆ మెతుకు ఉడుకుతుంది, కుండ ఉడకదు.

జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరపు బడులలో జరిగింది నేరుగా మోసమే: పిల్లల తప్పు జవాబులను పెద్దలే చెరిపి ఒప్పులుగా దిద్దారు. ఓఎంఆర్ పత్రంపై పెన్సిల్‌తో దిద్దిన వృత్తాన్ని రబ్బరుతో ఎంత చెరిపినా లేత బూడిదరంగు మరక మిగులుతుంది, స్కానర్ దానిని ముదురు గుర్తు నుంచి వేరుగా పట్టగలదు. పిల్లలు తమంతట తాము మార్చుకునే జవాబులు కొన్నే ఉంటాయి, వాటిలోనూ ఒప్పును చెరిపి తప్పు దిద్దేవి కొన్ని తప్పవు. తప్పు నుంచి ఒప్పుకు మారినవి తరగతికి సగటున ఎన్నో లెక్కగట్టి రాష్ట్ర సగటుతో పోల్చినప్పుడు, 2009 నాటి పరీక్షలో కొన్ని తరగతులు యాదృచ్ఛికమని సరిపెట్టుకోలేనంత దూరంలో నిలిచాయి. 2011లో వెలువడిన దర్యాప్తు నివేదిక, పరిశీలించిన 56 బడులలో 44 చోట్ల మోసం జరిగిందని, 178 మంది ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు అందులో పాత్ర ఉందని తేల్చింది. 2015లో కోర్టు 11 మందిని దోషులుగా నిర్ధారించింది.

శిక్షలు పెద్దవారికి పడ్డాయి. కానీ చదవడం రాని పిల్లవాడి పత్రంపై ఎవరో ఒప్పు వృత్తాలు దిద్దిన రోజునే, వాడికి అదనంగా పాఠాలు చెప్పించవలసిన అవసరం కాగితాల మీద లేకుండా పోయింది.