ప్రోనోటుకు మూడేళ్లు సరే, పిల్లల కేసుకు ఎన్నేళ్లు?

కాలదోషం అంటే ఏంటో గుంటూరులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రోనోటుకు మూడేళ్లు, ఆలోపు నోటు వెనక ఎంతో కొంత చెల్లు వేయించుకోకపోతే అది చిత్తుకాగితమేనని మిర్చి యార్డులో గుమస్తాకి కూడా తెలుసు. అదే, చిన్నప్పుడు ఒకడు నన్ను పాడు చేశాడని ముప్పై ఐదేళ్లకి నోరు విప్పిన మనిషికి ఎంత గడువు ఉందని అడగండి, ప్లీడర్లే తలో మాట చెబుతారు.

బ్రాడీపేటలో మా బాబాయి ప్లీడరు. ఇలాంటి విషయం ఎవరైనా ఎత్తితే ఆయన మొదట అడిగేది "ఏ సంవత్సరంలోనమ్మా?" అని. అవతల మనిషి ఏడుస్తుంటే ఈయన లెక్కలడుగుతాడేంటి అని నాకు ఒళ్లు మండేది. తర్వాత అర్థమైంది, అంతా ఆ సంవత్సరంలోనే ఉందని.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టంలో, నేరాలన్నిటికీ కలిపి ఇలాంటి గడువు లేదు. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో సెక్షన్ 468 పెట్టారు: జరిమానాతో పోయే నేరానికి 6 నెలలు, ఏడాది వరకు జైలు పడే దానికి 1 సంవత్సరం, మూడేళ్ల వరకు పడే దానికి 3 సంవత్సరాలు. అంతకు మించి శిక్ష ఉంటే గడువే లేదు. పాత గొడవలు ఎవరి మెడమీదా ఏళ్ల తరబడి కత్తిలా వేలాడకూడదన్న ఆలోచన, చిల్లర కొట్లాటల వరకు సబబే. కానీ గడువును శిక్షను బట్టి కొలిచారు తప్ప బాధితుల వయసును బట్టి కాదు.

అత్యాచారానికి శిక్ష పెద్దది కాబట్టి దానికి గడువు అడ్డం రాదు. చిక్కల్లా దాని పాత నిర్వచనం చాలా ఇరుకు, దాన్ని విస్తరించడానికి 2004లో సాక్షి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. అందులో ఇమడనివి చాలావరకు శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 354లో, అంటే ఆడవాళ్ల మర్యాదకు భంగం కలిగించిన కేసులో, పడేవి, శిక్ష రెండేళ్ల వరకు, అంటే గడువు మూడేళ్లు. 1980లో తొమ్మిదేళ్ల పిల్లకి జరిగితే ఆమెకు పన్నెండు నిండేసరికి కేసుకి కాలదోషం పట్టేసింది, జరిగిందేంటో పేరు పెట్టి చెప్పే వయసు కూడా రాకముందే.

ఇక్కడ మన రాష్ట్రానిది వేరే కథ, చాలామందికి తెలియదు. 1991లో ఆంధ్రప్రదేశ్ 354ని సవరించి శిక్షను ఐదు నుంచి ఏడేళ్లకు పెంచింది. దాంతో ఆ సెక్షన్‌కి మన దగ్గర మూడేళ్ల గడువు దానంతటదే ఎగిరిపోయింది. అయితే 354 ఆడవాళ్లకే. 1999లో విజయవాడలో ఒక ట్యూషన్ మాస్టారు అక్కనీ తమ్ముడినీ ఇద్దరినీ తడిమాడనుకోండి. అక్క కేసుకి గడువు లేదు. తమ్ముడికి, సెక్షన్ 377 (అసహజ సంభోగం) దాకా వెళ్లని పనైతే, మహా అయితే 323, అంటే కొట్టాడన్న కేసు, శిక్ష ఏడాది, గడువూ ఏడాదే. అదే గది, అదే మాస్టారు.

2007లో కేంద్రం బయటపెట్టిన సర్వేలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు, ఎక్కువ కనిపించిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లే, పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పలేదు. 2012 నవంబర్ 14న పోక్సో, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం, వచ్చింది, మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఒకటే చట్టం, దురుద్దేశంతో తాకినా మూడు నుంచి ఐదేళ్లు. కానీ అంతకుముందు జరిగినవాటికి ఆ శిక్షలు వర్తించవు, బాబాయి సంవత్సరం అడిగేది అందుకే.

పోక్సో కింద ఫిర్యాదుకు గడువు లేదని న్యాయశాఖ చెప్పిందంటూ 2018 అక్టోబర్‌లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రకటించింది. మంచిదే, కానీ ప్రకటన చట్టం కాదు. బూతు ఫొటోలు చూపించడం, వెంటపడటం లాంటి సెక్షన్ 12 నేరాలకు శిక్ష మూడేళ్లు దాటదు కాబట్టి గడువు వాదన లేవదీయడానికి డిఫెన్స్‌కి సందు ఉంది. నన్ను ఇంకా మండించేది సెక్షన్ 21. తన దగ్గర పనిచేసేవాడు చేసిన పని తెలిసీ పోలీసులకు చెప్పకుండా దాచిన హాస్టల్ పెద్దకో స్కూల్ పెద్దకో శిక్ష ఏడాది వరకే, కాబట్టి గడువూ ఏడాదే. దాచడం రోజూ కొనసాగుతున్న నేరమేనని వాదించొచ్చు, ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించే అధికారం కోర్టుకి ఉంది, కానీ ఆ భారమంతా ఫిర్యాదు చేసినవాళ్ల నెత్తినే.

ఇదే దేశంలో, తెనాలి దగ్గర ఒక మైనర్ పేరు మీదున్న ఎకరం పొలాన్ని కోర్టు పర్మిషన్ లేకుండా తండ్రి అమ్మేశాడనుకోండి. పద్దెనిమిది నిండాక మూడేళ్ల వరకు, అంటే ఇరవై ఒకటి వచ్చేదాకా, ఆ పిల్లాడు దావా వేయొచ్చు. బాబాయి బీరువాలో అలాంటి ఫైళ్లు వరసగా ఉంటాయి. పొలం విషయంలో పసివాడికి తెలియదని చట్టం ఒప్పుకుంటుంది. క్రిమినల్ గడువు లెక్కలో మాత్రం నిందితుడు పరారీలో ఉన్న రోజులు, దేశం దాటి ఉన్న రోజులు తీసేస్తారు, బాధితులు పిల్లలుగా ఉన్న ఏళ్లను తీసేయరు. 2024 జులై 1 నుంచి ఆ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 468 కాస్తా 514 అయింది. ఆ 6 నెలలు, 1 సంవత్సరం, 3 సంవత్సరాలు అలాగే దిగాయి.