35 ఏళ్ల వయసులో పిలుపు అందుకున్న పిచర్: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ముప్పై దాటిన మనిషిని ఒక పెద్ద బేస్‌బాల్ జట్టు కొత్త ఆటగాడిగా ఎందుకు పిలుస్తుందని మీరు అడిగారు. జాలిపడి పిలుస్తారా, ప్రచారం కోసం పిలుస్తారా అని మీలో ఒకరు అనుమానపడ్డారు కూడా. ఎంత ఓడిపోతున్న జట్టయినా జాలితో ఎవరికీ బంతి చేతికివ్వదు. దానికి ఏదో ఒక అవసరం ఉంటుంది, ఆ అవసరం తీర్చగల చెయ్యి ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. జిమ్ మోరిస్ అనే అమెరికన్ పిచర్ (బంతి వేసే ఆటగాడు) విషయంలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఆయన గురించే వివరంగా రాస్తున్నాను.

మోరిస్ టెక్సస్‌లో 1964లో పుట్టాడు. ఎడమచేతి వాటం. 1983లో మిల్వాకీ బ్రూవర్స్ జట్టు ఆయనను ఎంపిక చేసుకుంది. అయితే అమెరికాలో ఎంపికైనంత మాత్రాన పెద్ద మైదానంలోకి అడుగుపెట్టరు. అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లోని జట్టు ప్రతిదానికీ కింద మైనర్ లీగ్ జట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి, ఆటగాడు ఒక్కొక్క మెట్టూ ఎక్కి పైకి రావాలి. మోరిస్ కింది మెట్ల మీదే చిక్కుకుపోయాడు. చేతికి గాయాలయ్యాయి, పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి, ఆ దశాబ్దం ముగిసేసరికి ఆయన ఆట కూడా ముగిసినట్టే అయింది. తరువాత బిగ్ లేక్ అనే చిన్న ఊళ్లోని రీగన్ కౌంటీ హైస్కూల్లో సైన్సు పాఠాలు చెబుతూ, అక్కడి బేస్‌బాల్ జట్టుకు కోచ్‌గా కుదురుకున్నాడు.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటుంది. కోచ్‌గా ఆయన ప్రాక్టీసులో పిల్లలకు బంతులు వేసేవాడు, ఆ బంతుల వేగం ఎంతటిదో ఎదురుగా బ్యాటు పట్టుకున్న పిల్లలకే ముందుగా అర్థమైంది. మీ కలల్ని వదులుకోకండని ఆయన వాళ్లకు చెప్పినప్పుడు, మరి మీ సంగతేమిటని వాళ్లు నిలదీశారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: వాళ్లు జిల్లా స్థాయిలో గెలిస్తే ఆయన మళ్లీ మేజర్ లీగ్ సెలక్షన్లకు వెళ్లాలి. వాళ్లు గెలిచారు. 1999 వేసవిలో ఆయన తన ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని సెలక్షన్ల మైదానానికి వెళ్లాడు. అక్కడ వరుసగా 12 బంతులు గంటకు 98 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 158 కిలోమీటర్ల వేగంతో వేశాడు. యువకుడిగా ఉన్నప్పుడు కూడా అంత వేగం ఆయనకు లేదు.

వేగం ఒక్కటే అయితే బహుశా ఇంత తొందరగా పిలుపు వచ్చేది కాదు. ఎడమచేయి కావడం కూడా అంతే ముఖ్యం. మనుషుల్లో నూటికి సుమారు పదిమందే ఎడమచేతి వాటం వాళ్లు, వారిలో పెద్ద స్థాయిలో బంతి వేయగలవారు మరీ అరుదు. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరి హోమ్ ప్లేట్ దాకా దూరం 60 అడుగుల 6 అంగుళాలు. ఆ వేగంతో వేసిన బంతి రావడానికి పట్టే కాలం అర సెకను కంటే తక్కువ. ఎడమచేతి బ్యాటర్‌కు కుడిచేతి పిచర్ వేసే బంతి చేయి కదిలిన క్షణం నుంచే కంటికి ఆనుతుంది, అదే ఎడమచేతి పిచర్ వేస్తే బంతి తన భుజం వెనక నుంచి వస్తున్నట్టుండి, వంపు తిరిగే బంతయితే ఆఖర్న దూరంగా జారిపోతుంది. అందుకే ప్రతి జట్టూ తన రిలీఫ్ పిచర్లలో, అంటే మొదటి పిచర్ అలసిపోయాక ఆట మధ్యలో దిగేవారిలో, ఒకరిద్దరు ఎడమచేతివాళ్లు ఉండాలని చూస్తుంది. ఒక్కోసారి ఒకే ఒక్క బ్యాటర్‌ను ఆపడానికి అలాంటివాణ్ణి దించి, వెంటనే వెనక్కి పిలిచేవారు.

మోరిస్‌ను తీసుకున్న టాంపా బే డెవిల్ రేస్‌కు అది రెండో సీజన్ మాత్రమే, పట్టికలో తమ విభాగంలో అట్టడుగున ఉన్న జట్టు. మోరిస్‌ను ముందు ఓర్లాండోలోని మైనర్ జట్టులో, ఆ తరువాత పై మెట్టయిన డర్హమ్‌లో ఆడించారు. అప్పటి నిబంధన ప్రకారం సెప్టెంబరు మొదలయ్యాక జట్టులో 25 మందికి బదులు 40 మంది దాకా ఉండవచ్చు. ఆ నెలలోనే ఆయనకు పిలుపు వచ్చింది.

1999 సెప్టెంబరు 18న టెక్సస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్‌తో ఆట. ఆయన పాఠాలు చెప్పింది కూడా ఆ రాష్ట్రంలోనే. రిలీఫ్ పిచర్లు మైదానం అంచున బుల్‌పెన్‌లో కూర్చుని ఉంటారు. అక్కడి ఫోను మోగితే ఎవరు లేచి చేయి వేడెక్కించుకోవాలో కోచ్ చెబుతాడు. మేనేజర్ చేయి చూపగానే తలుపు తెరుచుకుంటుంది, పిచర్ పచ్చిక మీదుగా మౌండ్, అంటే బంతి వేసే చిన్న దిబ్బ, దాకా నడిచో పరుగెత్తో రావాలి, అప్పట్లో అక్కడ ఎనిమిది బంతులు మాత్రం సాధనగా వేసుకోనిచ్చేవారు. ఆ తరువాత వేసే ప్రతి బంతీ లెక్కలోకి వస్తుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు అవుటయ్యాక, మోరిస్ అలా వచ్చాడు. ఎదురుగా రాయిస్ క్లేటన్, కుడిచేతి బ్యాటర్. నాలుగు బంతుల్లో స్ట్రయికౌట్, అంటే బంతిని సరిగా కొట్టలేకే బ్యాటర్ అవుటయ్యాడు. అప్పుడు మోరిస్ వయసు 35.

అందరూ గాయాల వల్లే ఆలస్యంగా వస్తారనుకోకండి. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన డియోమెడెస్ ఓలివో కూడా ఎడమచేతి రిలీఫ్ పిచరే. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆయనను 1960 సెప్టెంబరులో మొదటిసారి దించేనాటికి ఆయనకు 41 ఏళ్లు. ఓలివోలాంటి నల్లజాతివారికి మేజర్ లీగ్ తలుపులు 1947లో జాకీ రాబిన్సన్‌తోగాని తెరుచుకోలేదు, ఆ తరువాత కూడా చాలాకాలం కొద్దికొద్దిగానే తెరుచుకున్నాయి. ఓలివో మంచి వయసంతా కరీబియన్ దీవుల్లోనూ మెక్సికోలోనూ ఆడుతూ గడిచిపోయింది. 1962లో, 43 ఏళ్ల వయసులో, ఆయన 62 ఆటల్లో దిగి అయిదు గెలిచి ఒక్కటే ఓడాడు. మోరిస్ కథ సినిమాగా వచ్చి అందరికీ తెలిసింది, ఓలివో పేరు మాత్రం చాలామంది అమెరికన్లకే తెలియదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. మోరిస్‌ను ఆపింది తన చెయ్యి, ఓలివోను ఆపింది ఇతరులు.

మోరిస్ రెండు సీజన్లలో కలిపి 21 ఆటల్లో 15 ఇన్నింగ్స్ వేశాడు. 13 మందిని స్ట్రయికౌట్ చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 4.80, అంటే గొప్ప లెక్కేమీ కాదు. 2000 మే నెలలో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, బేస్‌లన్నీ, అంటే పరుగు తీసే దారిలో ఆగే మూడు చోట్లూ, నిండి ఉండగా బ్యాటర్ పాల్ ఓనీల్‌కు గురితప్పిన బంతులు నాలుగు వేయడంతో ఓనీల్ ఊరికే మొదటి బేస్‌కు చేరాడు, మూడో బేస్‌లో ఉన్నవాడు ముందుకు జరగడంతో గెలుపు పరుగు నడుచుకుంటూ వచ్చింది. అదే మోరిస్ ఆఖరి ఆట. ఆ ఓటమి ఆయన ఖాతాలో పడలేదు, ఎందుకంటే పరుగు తీసినవాణ్ణి బేస్ ఎక్కించిన పిచర్ ఖాతాలోనే అది పడాలన్నది నియమం. గెలుపు కూడా ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ దారి ఇరుకైంది. 2020 నుంచి దిగిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ పూర్తి చేయాలి. సెప్టెంబరులోనూ 28 మందికే చోటు, అందులో పిచర్లు 14 మందికి మించరాదు. ఆర్లింగ్టన్‌లో మోరిస్ మూడో అవుట్ తీసి ఇన్నింగ్స్ ముగించాడు కాబట్టి మొదటి నియమం ఆయనకు నేటికీ అడ్డు వచ్చేది కాదు, రెండోది మాత్రం వచ్చేదేమో. ఆటలు త్వరగా ముగియాలనీ, సీజన్ చివరి పోటీలు సమానంగా జరగాలనీ చేసిన మార్పులివి, వాటిలో న్యాయం ఉంది. అయినా ఇప్పుడు డర్హమ్ లాంటి ఊళ్లో ముప్పై దాటి ఎదురుచూస్తున్న ఎడమచేతి పిచర్ గురించి ఆలోచిస్తే, ఆ పన్నెండు చోట్లు ఉంచి ఉండవలసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య