ఊరొచ్చి వెళ్ళిపోయారు, రేటు మాత్రం ఉండిపోయింది

నెల్లూరులో ఇంటి స్థలం ధర అడిగితే ఇప్పటికీ అంకణాల్లోనే చెబుతారు. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు పోతే అదే మాటకు 36 చదరపు అడుగులే. హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో ఫోను చేసి "గజం ఎంత?" అని అడిగేవాళ్ళకు ఇక్కడి మధ్యవర్తి మనసులో ఎనిమిదితో భాగించుకుని జవాబు చెప్పాలి. 2020 వేసవి దాటాక అలా భాగించే పని బాగా ఎక్కువైంది.

"కరోనాకు అందరూ ఊళ్ళకు వచ్చారు, అందుకే రేట్లు పెరిగాయి" అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా వినిపిస్తుంది. అందులో నిజం కొంతే. వచ్చినవాళ్ళంతా స్థలాలు కొనలేదు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఉండలేదు. వాళ్ళు తిరిగి వెళ్ళిపోయాక రేట్లు దిగిరానూ లేదు. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే మార్చి 2020 నుంచి మొదలుపెట్టి, అక్కడి నుంచి చాలా వెనక్కి వెళ్ళాలి.

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. హైదరాబాదులో హాస్టళ్ళ వాళ్ళు గదులు ఖాళీ చేయమన్నారు. పోలీసులిచ్చిన అనుమతి కాగితాలు పట్టుకుని బండ్ల మీద బయలుదేరిన పిల్లలను విజయవాడ దారిలో గరికపాడు దగ్గర, అద్దంకి–నార్కట్‌పల్లి దారిలో కృష్ణ దాటగానే పొందుగల దగ్గర ఆపేశారు. ఒంగోలు, దర్శి, కందుకూరు వైపు వచ్చేవాళ్ళకు ఈ రెండోదే దారి. కాగితం ఒక రాష్ట్రానిది, గేటు ఇంకో రాష్ట్రానిది. రాత్రంతా వంతెన దగ్గరే ఉండిపోయినవాళ్ళు మా వైపు ఊళ్ళలో చాలామంది ఉన్నారు. దక్షిణాన చెన్నై నుంచి వచ్చేవాళ్ళకు తడ దగ్గర అదే పరిస్థితి. మే నెలలో కోయంబేడు మార్కెట్ నుంచి వ్యాధి నెల్లూరు, చిత్తూరు జిల్లాలకు పాకడంతో చెన్నై నుంచి వచ్చారంటేనే ఊళ్ళో వాళ్ళు దూరం జరిగే రోజులొచ్చాయి. జూన్ 19 నుంచి 30 దాకా చెన్నైలో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టారు.

అలా వచ్చినవాళ్ళు ఒక్క రకం కాదు. ఈ తేడా చూడకుండా భూముల ధరల గురించి మాట్లాడితే అసలు సంగతి చేజారిపోతుంది.

పశ్చిమ ప్రకాశం నుంచి, అంటే మార్కాపురం, యర్రగొండపాలెం, కనిగిరి చుట్టుపక్కల నుంచి, కూలి కోసం నగరాలకు పోవడం తరాలుగా ఉంది. వాన పడితేనే పంట, బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్ళు. ఈ నేలకు కృష్ణా నీళ్ళు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 18.8 కిలోమీటర్లు ఉండే రెండు సొరంగాల్లో మొదటిది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో తవ్వడం పూర్తయింది. ఆ మధ్య కాలంలో ఒక తరం పుట్టి, పెరిగి, హైదరాబాదు అపార్ట్‌మెంట్ల పునాదుల్లో పనిచేసింది. లాక్‌డౌన్‌లో వీళ్ళు తిరిగొచ్చింది చేతిలో డబ్బు లేక. ఉపాధి హామీ పనికి పోయారు, రేషను బియ్యం తిన్నారు. మేస్త్రీ ఫోను చేయగానే మూటలు సర్దుకుని మళ్ళీ బస్సెక్కారు. స్థలాల ధరలతో వీళ్ళకు సంబంధమే లేదు.

రెండో రకం వాళ్ళు ల్యాప్‌టాప్‌తో వచ్చారు. నెల జీతం ఆగలేదు. నగరంలో అద్దె, పిల్లల స్కూలు వ్యాను, బయటి తిండి అన్నీ ఆగిపోయాయి. అమ్మానాన్నల ఇంట్లో మేడ మీద గది, ఇంటర్నెట్ కనెక్షను ఉంటే చాలు. రెండేళ్ళలో చేతిలో కొంత సొమ్ము మిగిలింది. సరిగ్గా అప్పుడే బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ 6 శాతం లోపుకు పడిపోయింది. 2020 మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీని, 4 శాతానికి దించితే, 2022 మే దాకా అది అక్కడే ఉంది. డిపాజిట్ వేస్తే ఏమీ రాదు, అప్పు తీసుకుంటే చౌక. సొంతూళ్ళో నాలుగు సెంట్లు కొని పెట్టుకుందామన్న ఆలోచన రావడం సహజమే. ఆ ఆలోచనను నేను తప్పు పట్టను. రేపు ఏమవుతుందో తెలియని రోజుల్లో కాళ్ళ కింద కాస్త నేల ఉంటే బాగుండుననిపించడంలో వింతేముంది?

ఈ జిల్లాలకు ఇది కొత్త కూడా కాదు. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తయిన నాటి నుంచి నెల్లూరు వాళ్ళకు మద్రాసు పక్కూరే. చదువు, కొలువు, హోటలు, వ్యాపారం అన్నీ అక్కడే. 1953 అక్టోబరు దాకా రాజధానీ అదే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కొద్ది రోజులకే మద్రాసులో ఉండనవసరం లేనివాళ్ళు నగరం విడిచి పొమ్మని అక్కడి ప్రభుత్వం చెప్పింది. జనం ఉన్నదున్నట్టు వదిలి సొంతూళ్ళ రైలెక్కారు. దొరికిన ధరకు ఇళ్ళు తెగనమ్ముకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. భయం తగ్గగానే నగరం మళ్ళీ నిండింది. తొందరపడి అమ్మినవాళ్ళే నష్టపోయారు.

ఆ తర్వాతి ఉదాహరణ మా తరం కళ్ళారా చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు తీరం పొడవునా రొయ్యల గుంటలు తవ్వారు. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల్లో వరి పండే కయ్యలు, ఉప్పునేలలు ఒక్కసారిగా బంగారమయ్యాయి. బయటివాళ్ళు వచ్చి లీజుకు అడిగిందే ధర. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డబ్బు వెళ్ళిపోయింది, ఉప్పు మిగిలింది. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక మళ్ళీ గుంటలు నిండాయి.

ఇక పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు బ్రిటిషు కాలం నాటి పాత విమాన దిగుబాటు స్థలం, ప్రభుత్వ భూములు ఉన్నాయి కనుక రాజధాని అక్కడే అన్న ప్రచారం సాగింది. కంది, మిర్చి తప్ప ఎరగని మెట్ట నేలకు కార్లు బారులు తీరాయి. సెప్టెంబరు 4న శాసనసభలో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని ప్రకటించగానే కార్లు ఆగిపోయాయి. 2019లో మళ్ళీ ఆ పేరు వినిపిస్తే మళ్ళీ కదిలాయి.

దొనకొండ లాంటి చోట్ల ధరను పెంచిన పద్ధతే కరోనా కాలంలోనూ పనిచేసింది. పొలం కొనేవాడు రైతుకు కొంత అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలలో ఆరు నెలలో గడువు పెట్టి అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువు లోపల ఇంకొకరిని చూసి లాభానికి అదే అగ్రిమెంటును అప్పగిస్తాడు. రిజిస్ట్రేషను ఒక్కసారే జరుగుతుంది, ధర మాత్రం మూడుసార్లు పెరుగుతుంది. రిజిస్ట్రేషను కూడా ప్రభుత్వ విలువ మీదే. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం ఆ విలువ మీద కడతారు. అసలు ఇచ్చిన ధరకూ కాగితం మీది ధరకూ మధ్య తేడా నగదులో పోతుంది. ఈ జిల్లాల్లో కరోనా రేట్లను ఎంత పెంచిందో ప్రభుత్వ లెక్కల్లో వెతికితే కనిపించకపోవడానికి కారణం ఇదే.

పైగా ఆ రెండేళ్ళలో కరోనా ఒక్కటే పనిచేయలేదు. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా పేదలకు ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. అందుకోసం ప్రభుత్వమే ఊరి పక్క పొలాలు కొనడంతో చుట్టుపక్కల రైతులకు ఒక రేటు తెలిసింది. 2022 జనవరిలో మధ్యతరగతి కోసం స్మార్ట్ టౌన్‌షిప్‌లు ప్రకటించినప్పుడు తొలి విడత ఊళ్ళలో కావలి, కందుకూరు ఉన్నాయి. ప్లాట్లు 150, 200, 240 గజాలు. పెద్దది మన లెక్కలో 30 అంకణాలు. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో కందుకూరు నెల్లూరులో కలిసింది, అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్లకు, గూడూరు, వెంకటగిరి, సూళ్ళూరుపేట తిరుపతికి పోయాయి. జూలై 20న గుడ్లూరు మండలం రామాయపట్నంలో ఓడరేవు పనులకు శంకుస్థాపన. కావలి నుంచి ఉలవపాడు దాకా హైవే పక్క రాళ్ళు పాతని పొలం వెతకాల్సి వచ్చింది. ఓడరేవు లేకుండా కరోనా ఒక్కటే అంత చేసేదని నేననుకోను. ఓడరేవు ఒక్కటే ఉన్నా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో డబ్బు పంపగల కొడుకులూ కూతుళ్ళూ లేకపోతే ఇంత వేగం వచ్చేది కాదు.

ఊరికొచ్చినవాళ్ళ వల్ల జరిగిన ఒక మేలూ ఉంది. చాలామంది మొదటిసారి తమ పొలం కాగితాలు తీసి చూసుకున్నారు. తాత సాగు చేసిన భూమి రిజిస్ట్రేషనుకు వీల్లేని నిషేధిత జాబితాలో, రిజిస్ట్రేషను చట్టం 22ఏ సెక్షను కింద ఉందని తెలుసుకున్నారు. బ్రిటిషు కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములివి. చుక్కల భూములంటే నెల్లూరు, ప్రకాశంలో విడమరచి చెప్పనక్కర్లేదు. 2017లో దీనికొక చట్టం వచ్చింది. 2023 మే 12న కావలి సభలో రాష్ట్రమంతటా కలిపి 2 లక్షల ఎకరాలకు పైగా నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది ఒంగోలులో నకిలీ దస్తావేజుల వ్యవహారం బయటపడి ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాల్సి వచ్చింది. యజమాని దూరాన ఉన్న ఖాళీ స్థలమే ఇలా నకిలీ కాగితాలు పుట్టించేవాళ్ళకు వీలు.

2022 నుంచి కంపెనీలు ఒక్కొక్కటే ఆఫీసుకు రమ్మన్నాయి. మొదట వారానికి రెండు రోజులు, తర్వాత మూడు. సంక్రాంతికి వచ్చి కనుమ మర్నాడు వెళ్ళిపోవడం పాత పద్ధతిలోకి వచ్చేసింది. కొన్న ప్లాట్లలో ఇళ్ళు లేచినవి తక్కువ. సర్కారు తుమ్మ మొలిచినవి ఎక్కువ. వాటి పక్కనే, ఊళ్ళోనే పని చేసుకుని బతికే అంగన్‌వాడీ టీచరు, ఆటో నడిపే అతను, చిన్న కిరాణా వ్యాపారి అద్దె ఇళ్ళలో ఉన్నారు. ఇక్కడి ఆదాయంతో అక్కడి జీతంతో పోటీపడి మూడు సెంట్లు కొనడం వాళ్ళ వల్ల కాదు. నాకు బాధ కలిగించేది ఇదే. ఊరి స్థలం ఊళ్ళో ఉండేవాళ్ళకు అందకుండా పోయింది.

అంతకంటే చప్పుడు లేకుండా నష్టపోయినవాడు కౌలురైతు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనన్న భయం నగరంలో ఉన్న యజమానికి. పైగా ఎప్పుడు మంచి ధర వస్తే అప్పుడు అమ్మాలని చూసేవాడు ఏడాదికి కూడా మాట ఇవ్వడు. కార్డు లేకపోతే పంట రుణం లేదు, పంట పోతే పరిహారం రాదు. కావలి, కందుకూరు మధ్య హైవే నుంచి లోపలికి పోతే ఇప్పటికీ నోటిమాట మీద సాగే కౌళ్ళు ఉన్నాయి. కోత అయ్యాక మళ్ళీ నాగలి పెట్టాలా వద్దా అని పొలం చేసేవాడు హైదరాబాదుకు ఫోను చేసి కనుక్కుంటాడు. కొన్నిసార్లు జవాబు వచ్చేలోపే సర్వే వాళ్ళు వచ్చి గట్ల మీద తెల్ల రాళ్ళు పాతి వెళతారు.