ఫౌజీ ఇంటికొచ్చాక: మాజీ సైనికుల మానసిక ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

2022లో అగ్నిపథ్ పథకం రాకముందు సిపాయిగా చేరినవాడికి 15 ఏళ్ళ సర్వీసు నిండితే పింఛను వస్తుంది. అందుకే మన ఊళ్ళకు తిరిగొచ్చే మిలిటరీవాళ్ళలో చాలామంది నలభైకి అటూ ఇటూ ఉంటారు. పిల్లలు ఇంకా బడిలో ఉంటారు, ఇంటి అప్పు తీరి ఉండదు, రెండో ఉద్యోగం వెతుక్కోవాలి. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరంలా తరతరాలుగా సైన్యంలోకి పంపుతున్న ఊళ్ళలో కూడా, ఆ ఇళ్ళలో రాత్రిళ్ళు ఏం జరుగుతోందో పక్కింటికి తెలియదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లుగా ఈ కుటుంబాలతో పనిచేసేటప్పుడు మాకు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే నమ్మకాలు ఇవి. కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి కాబట్టి వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

అపోహ: "ఈయన యుద్ధానికే పోలేదు, ఈయనకేం జబ్బు?"

కార్గిల్ పోరు జరిగింది 1999లో. దానికి వెళ్ళనివాళ్ళందరూ క్షేమంగా ఉన్నారనుకోవడం పొరపాటు. కశ్మీర్‌లో కార్డన్ డ్యూటీ (ఊరిని చుట్టుముట్టి సోదా చేసే పని), మందుపాతర పేలాక తోటివాడి శరీరాన్ని పోగుచేయాల్సి రావడం, సియాచిన్‌లో మంచుచరియ కింద మనిషిని వెతకడం, బ్యారక్‌లో పక్క మంచంవాడి ఆత్మహత్య: వీటిలో ఏదైనా పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక జబ్బుకు, దారితీయవచ్చు. అలాగని అందరికీ రాదు. ఇలాంటివి చూసినవాళ్ళలో ఎక్కువమంది కొన్ని వారాల్లో వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు.

పీటీఎస్‌డీలో లక్షణాలు నాలుగు రకాలు. జరిగింది వద్దన్నా కళ్ళముందుకు రావడం. దాన్ని గుర్తుచేసే చోట్లనీ మనుషులనీ తప్పించుకు తిరగడం. మనసు మొద్దుబారి, తన మీదా లోకం మీదా నమ్మకం పోవడం. ఒళ్ళు ఎప్పుడూ కాపలాలో ఉన్నట్టు బిగుసుకుని ఉండడం. ఇవి నెలకు మించి ఉండి, పనినీ కాపురాన్నీ దెబ్బతీస్తుంటే జబ్బు కింద లెక్క. ఆరు నెలలు దాటాకే పూర్తిగా బయటపడేవి కూడా ఉన్నాయి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఫాలిన్ (వరుసలో హాజరు), డ్యూటీ, పెరేడ్ ఆయన్ని నిలబెట్టి ఉంచుతాయి. రిటైరై చేతిలో పని లేనప్పుడు లోపలిది పైకి వస్తుంది. "అప్పుడు బాగానే ఉన్నాడు, ఇప్పుడు నటిస్తున్నాడు" అని బంధువులు అనేది సరిగ్గా ఇక్కడే.

పీటీఎస్‌డీని పసిగట్టే పీసీఎల్-5 అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. 31-33 దాటితే లోతుగా చూడాలని అర్థం. అది రోగ నిర్ధారణ కాదు. ఫౌజీల విషయంలో దీనికో చిక్కుంది. "సబ్ ఠీక్ హై" అనడం ఇన్నేళ్ళ అలవాటు కాబట్టి అన్నిటికీ సున్నాలు పెట్టేస్తారు. అందుకే భావాల గురించి కాకుండా ఒంటి గురించి అడుగుతాం: రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, తలుపు గడియ ఎన్నిసార్లు చూస్తారు, హోటల్లో ఏ కుర్చీలో కూర్చుంటారు. జవాబులు వాటంతట అవే వస్తాయి. పేలుడు దగ్గర్లో ఉన్నారా, స్పృహ తప్పిందా అని కూడా అడిగి తీరాలి. తలకు తగిలిన పాత దెబ్బ వల్ల వచ్చే మతిమరుపు, తలనొప్పి, చిరాకు అచ్చం పీటీఎస్‌డీలాగే కనబడతాయి.

అపోహ: "చూపించుకుంటే రికార్డులోకి ఎక్కుతుంది, పింఛను పోతుంది"

ఈ భయానికి మూలం ఉంది. సైన్యంలో మెడికల్ కేటగిరీని షేప్ (SHAPE) అంటారు. అందులో మొదటి అక్షరం ఎస్, మానసిక స్థితికి సంబంధించింది. ఎస్-1 నుంచి కిందికి జారితే పోస్టింగు, ప్రమోషను, కోర్సు అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. అందుకే నిద్ర పట్టకపోయినా సిక్ రిపోర్టు చేయరు, అంటే జబ్బని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళరు. ఇంటికొచ్చాక ఆ కేటగిరీ లేదు, కానీ భయం అలాగే ఉండిపోతుంది. మానసిక జబ్బుకు వైద్యం చేయించుకున్నందుకు సర్వీసు పింఛను ఒక్క రూపాయి తగ్గదు.

పైగా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యం. చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, ఊళ్ళోవాళ్ళకు గానీ యజమానికి గానీ చెప్పకూడదు.

రెండు చోట్ల మాత్రం ముందే తెలుసుకుని అడుగేయాలి. డీఎస్‌సీలో (రక్షణ శాఖ స్థలాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) మళ్ళీ చేరాలనుకునేవాళ్ళకు మెడికల్ పరీక్ష ఉంటుంది. తుపాకి లైసెన్సు దరఖాస్తుకు శారీరక, మానసిక ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. బ్యాంకు గన్‌మన్ ఉద్యోగం చూసుకునేవారికి ఈ మాట దాచకుండా చెప్పాలి. తర్వాత తెలిస్తే మా మీదున్న నమ్మకం పోతుంది, ఆయన వైద్యం ఆగిపోతుంది.

జబ్బు సర్వీసు వల్లే వచ్చిందనుకుంటే వైకల్య పింఛను కోసం అడగవచ్చు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ముఖ్యం: చేరినప్పుడు ఏ జబ్బూ రాసి లేకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి, కాదని చూపించాల్సిన బాధ్యత సైన్యానిది. డిశ్చార్జి బుక్, రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు వదిలేముందు జరిగే వైద్య పరీక్ష) కాగితాలు, మిలిటరీ హాస్పిటల్ అడ్మిషన్ స్లిప్పులు తేదీల వరుసలో పెట్టించడం మా పనిలో భాగమే. చాలా ఇళ్ళలో ఇవి ట్రంకుపెట్టె అడుగున చెదలు పట్టి ఉంటాయి, ముందుగా ఫొటోలు తీయించండి.

అపోహ: "సోషల్ వర్కరంటే ఫారాలు నింపేవాళ్ళు"

ఫారాలూ నింపుతాం. కానీ పైన చెప్పిన 2017 చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కరంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన రెండేళ్ళ ఎంఫిల్, ఆ రెండేళ్ళలో పర్యవేక్షణ కింద వైద్య శిక్షణ పొందిన మనిషి. మందులు రాయం, టాకింగ్ థెరపీ (మాటలతో చేసే చికిత్స) చేస్తాం.

అపోహ: "అవన్నీ గుర్తుచేయకూడదు", దీనికి జోడు: "ఒక్కసారి అంతా కక్కేస్తే భారం దిగిపోతుంది"

రెండూ తప్పే. తప్పించుకు తిరిగిన కొద్దీ భయం పెరుగుతుంది. ఒక్క రోజులో అంతా చెప్పించి పంపేస్తే ఆ రాత్రి ఆయన ఇంట్లో ఒంటరిగా దానితో గడపాలి. ఘటన జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అంతా చెప్పించే పద్ధతి పీటీఎస్‌డీని ఆపదని తేలిపోయింది.

పనిచేసేవి క్రమం ఉన్న పద్ధతులు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (ఘటన గురించి పాతుకుపోయిన ఆలోచనలను ప్రశ్నించి సరిచూసే పద్ధతి) మామూలుగా 12 సెషన్లు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (తప్పించుకునేవాటిని కొద్దికొద్దిగా ఎదుర్కొనే పద్ధతి) 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాలు, వారానికొకటి. ఈఎండీఆర్ (జరిగింది తలచుకుంటూ కళ్ళను అటూ ఇటూ కదిలించే పద్ధతి) మూడోది.

ఎక్స్‌పోజర్‌లో బయట చేసే అభ్యాసం ఎలా ఉంటుందంటే: ఆయన తప్పించుకునే చోట్లు రాయించి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేయిస్తాం. కిరాణా కొట్టు 30, ఆర్టీసీ బస్టాండు 60, ఆదివారం సంత 85 అనుకుందాం. మొదలు కొట్టుతో. బస్టాండు వంతు వచ్చేసరికి, గోడకు ఆనుకోకుండా జనానికి వీపు పెట్టి బెంచీ మీద కూర్చోవాలి. ముందు గుండె దడదడలాడుతుంది, చేతులు చెమటలు పడతాయి. లేచి వెళ్ళిపోకుండా 30 నుంచి 45 నిమిషాలు ఉంటే, లేదా భయం సగానికి దిగేదాకా ఉంటే, ఏ ప్రమాదమూ రాలేదని ఒంటికి తెలుస్తుంది. పాడయ్యేది ఎక్కడంటే, 60 నుంచి 80కి ఎగబాకగానే లేచిపోవడం. అప్పుడు ఒళ్ళు నేర్చుకునే పాఠం "పారిపోయాను కాబట్టి బతికాను" అని. చేతిలో ఫోను చూస్తూ కూర్చోవడమూ అంతే, మనిషి అక్కడుంటాడు గానీ మనసుండదు. పక్కన భార్యను కాపలా పెట్టుకుని కూర్చున్నా ఫలితం సగమే.

భయం కాక అపరాధ భావం మోసేవాళ్ళు వేరు. "ఆ రోజు నేను లీవులో పోకుంటే వాడు బతికేవాడు." దీనికి "నీ తప్పేం లేదు" అని ఓదార్పు చెబితే పని జరగదు, ఇంటివాళ్ళు ఆ మాట వంద సార్లు అనే ఉంటారు. కాగితం మీద ఆ వాక్యాన్ని రాయించి ప్రశ్నలు వేస్తాం: లీవు ఎవరు మంజూరు చేశారు? ఆ రోజు ఏం జరగబోతుందో అప్పుడు మీకు తెలుసా? మీరుంటే మీ డ్యూటీ ఎక్కడ పడేది? జవాబులు ఆయన చేతే రాయించాలి. ఒక్కోసారి నిజంగానే ఆయన చేసిన తప్పు ఉంటుంది. అప్పుడు కాదని అబద్ధం చెప్పకూడదు, ఆ తప్పుతో ఎలా బతకాలన్నదే అక్కడి పని.

అపోహ: "కలలో అరుస్తుంటే గట్టిగా పట్టుకుని లేపాలి"

వద్దు. నిద్రలో ఉన్న మనిషికి పట్టుకున్నది భార్యా శత్రువా తెలియదు. లైటు వేయండి. మంచానికి చేతికందనంత దూరంలో, కాళ్ళ వైపు నిలబడండి. మామూలు గొంతుతో పిలవండి, "ఏమండీ, ఇంట్లో ఉన్నారు, నేనే." లేచాక వెంటనే ముట్టుకోవద్దు, ఏం కల వచ్చిందని అడగవద్దు. మంచినీళ్ళు ఇచ్చి, పాదాలు నేల మీద ఆనించి కూర్చోమనండి. పిల్లలకు కూడా ఇదే నేర్పండి, ముఖ్యంగా పొద్దున్నే నాన్న మీదికి దూకి లేపే వయసువాళ్ళకు.

దీపావళికి మా సలహా చిన్నది. మీ వీధిలో టపాసులు ఎన్ని గంటలకు మొదలవుతాయో కనుక్కుని ఆయనకు ముందే చెప్పండి. ముందే తెలిసిన చప్పుడు అంతగా బాధించదు.

అపోహ: "మిలిటరీ క్యాంటీన్ మద్యమే కదా, మంచిది. తాగితే నిద్రయినా పడుతుంది"

మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున చెడగొడుతుంది. పీడకలలు రాత్రి ఆ రెండో సగంలోనే ఎక్కువ. ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 8 గానీ ఆపైన గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉందని లెక్క. పెగ్గుల్లో కాదు, కోటా సీసా ఎన్ని రోజులొస్తోందని అడగండి, అసలు లెక్క తేలుతుంది.

రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. గుళ్ళో ప్రమాణం చేయించి, గదిలో పెట్టి తాళం వేసే కుటుంబాలున్నాయి. ఆఖరి పెగ్గు నుంచి 6 గంటలకు వణుకు మొదలవుతుంది. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం వచ్చే స్థితి రావచ్చు, అది ప్రాణాంతకం. ఇదివరకు ఇలా ఫిట్స్ వచ్చి ఉంటే ఆసుపత్రిలోనే మాన్పించాలి. అక్కడ గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇస్తారు. లేకపోతే మెదడు దెబ్బతినవచ్చు, కాబట్టి తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు.

ఇంకొక మాట, చాలా గట్టిగా. డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మాత్రను ఆయనకు తెలియకుండా మజ్జిగలోనో సాంబారులోనో కలపకండి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండె మీద పడుతుంది. అది తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాళ్ళకు మాత్రమే.

అపోహ: "చావు గురించి అడిగితే ఆలోచన పుట్టించినట్టే"

అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. చుట్టు తిప్పకుండా అడగాలి: "సార్, చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించారా?" సుబేదారు స్థాయి మనిషిని "సాబ్" అని పిలిచి అడిగితే జవాబు తొందరగా వస్తుంది, ఆ పిలుపులో ఆయనకు తెలిసిన గౌరవం ఉంది.

అవునంటే సేఫ్టీ ప్లాన్ రాస్తాం. ఆరు మెట్లు, ఒక్క కాగితం, ఆయన మాటల్లో. ఒకటి, ముందుగా కనబడే సూచనలు. రెండు, ఒంటరిగా చేయగలిగేవి. మూడు, మనసు మళ్ళించే చోట్లు, మనుషులు. నాలుగు, సాయం అడగగలిగే ఇద్దరి నంబర్లు, వీళ్ళలో ఒకరు పాత యూనిట్‌వాడైతే మంచిది. ఐదు, డాక్టరు, హెల్ప్‌లైన్. ఆరు, ఇంట్లో ప్రమాదకరమైనవి దూరం చేయడం.

ఆరో మెట్టు దగ్గరే ఎక్కువగా తప్పుతాం. "దాచేశాం" అంటారు, బీరువా పైన దొరుకుతుంది. లైసెన్సు తుపాకి ఉంటే కొన్నాళ్ళు పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయించాలి. "లాక్కుంటున్నారు" అనిపించకూడదు. జ్వరమొచ్చినవాడు బండి నడపనట్టే ఇదీ అని చెప్పి, ఆయన చేతే అప్పగింపచేయాలి. పురుగుమందు ఇంట్లో కాకుండా తాళమున్న పెట్టెలో, తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర. కష్టమైన ఆ కొన్ని గంటలు గడిస్తే మనిషి నిలబడతాడు, ఈ దూరం ఆ కొన్ని గంటల కోసమే.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైనిక కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణెలోని ఏఎఫ్ఎంసీలో (సైనిక వైద్య కళాశాలలో) దీనికి ప్రత్యేక విభాగం కూడా తెరిచారు. ప్రయత్నం చేసి బతికిన మనిషిని ఆసుపత్రికి తేవడానికి కేసు భయం వద్దు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ఆయన్ని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంటుంది.

అపోహ: "మాత్రలు మొదలెడితే జీవితాంతం"

పీటీఎస్‌డీకి, డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ లాంటివి అలవాటు పడే మందులు కావు. ఫలితం కనబడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం, చిరాకు ఉండవచ్చు. చాలామంది మానేసేది ఆ రెండు వారాల్లోనే. నిద్ర కోసం ఆల్ప్రజోలమ్ లాంటి మత్తు మాత్రలు సొంతంగా కొని వాడటం మాత్రం వేరే సంగతి. అవి పీటీఎస్‌డీని తగ్గించవు, అలవాటవుతాయి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

అపోహ: "భార్య సర్దుకుపోతే అంతా సర్దుకుంటుంది"

పదిహేనేళ్ళు ఆవిడే బ్యాంకుకు వెళ్ళింది, పిల్లల్ని బడిలో వేసింది, పొలం కౌలుకిచ్చింది. ఆయన వచ్చి హుకుం జారీచేస్తే ఇల్లు బ్యారక్ కాదు కదా. ఏ నిర్ణయం ఎవరిదో కాగితం మీద పంచుకునే సిట్టింగు ఒకటి పెడతాం, మూడు నెలలకోసారి తిరగరాస్తాం. కానీ కొట్టడం ఉంటే ముందు ఆవిడతో విడిగా మాట్లాడాలి. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పిస్తే ఆ మాటలకు ఇంటికెళ్ళాక దెబ్బలు పడతాయి. జబ్బు ఉందన్న మాట దెబ్బకు సాకు కాకూడదు. మహిళా హెల్ప్‌లైన్ 181.

వైద్యం మొదలెట్టడానికి దారి: 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే ముందు ఆ పథకం పాలీక్లినిక్. అక్కడ మెడికల్ ఆఫీసరుకు "నరాల బలహీనత" అనకుండా "నిద్ర లేదు, పీడకలలు, కోపం" అని చెప్పండి. లేకపోతే రెఫరల్ న్యూరాలజీకి పోతుంది, నెల వృథా. ఎమర్జెన్సీలో రెఫరల్ అక్కర్లేదు. ప్యానెల్లో లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కు కబురు అందాలి. కార్డు లేనివాళ్ళు హైదరాబాద్ ఎర్రగడ్డలోనో విశాఖ చినవాల్తేరులోనో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలకు నేరుగా వెళ్ళవచ్చు. డిశ్చార్జి బుక్, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, రెండు వారాల నిద్ర లెక్క రాసిన కాగితం వెంట తీసుకెళ్ళండి. నిద్ర లెక్కలో పడుకున్న టైము, లేచిన టైము, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆ రోజు తాగారా లేదా అన్నవి చాలు.