విక్టోరియా రైతుల సుంకం పోరు: ముడి పడింది 2013లోనే

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అగ్నిమాపకం లాంటి సేవల ఖర్చుకు ఆస్తి మీద వసూలు చేసే ఎమర్జెన్సీ సర్వీసుల సుంకం మీద రైతుల కోపం, దాన్ని పెంచుతామని ప్రభుత్వం ప్రకటించిన 2024 డిసెంబరులో పుట్టిందని చాలామంది అనుకుంటున్నారు. ట్రాక్టర్లు, ఫైరింజన్లు మెల్‌బోర్న్‌లోని పార్లమెంటు ముందు నిలిచింది 2025 మేలో. చిక్కు మాత్రం అప్పటికే పన్నెండేళ్ల పాతది.

2013 జులై 1 దాకా పల్లెల్లో మంటలార్పే కంట్రీ ఫైర్ అథారిటీ, అంటే సీఎఫ్‌ఏ, ఖర్చులో 77.5 శాతం బీమా కంపెనీలే ఇచ్చేవి. అవి ఆ సొమ్మును ప్రీమియంలో కలిపి రాబట్టుకునేవి. దాని మీద జీఎస్టీ, ఆ పైన స్టాంపు డ్యూటీ. బీమా లేనివాడు పైసా కట్టకపోయినా వాడి పొలానికీ అదే ఇంజన్ వెళ్లేది. 173 మందిని బలిగొన్న 2009 కార్చిచ్చులపై విచారించిన రాయల్ కమిషన్, బీమాను వదిలి ఆస్తి మీద వసూలు చేయమంది. సబబైన సలహా.

2013 జులై 1 నుంచి అలాగే చేశారు, కానీ కొలత దగ్గరే పొరపాటు జరిగింది. భూమి, దాని మీద ఇల్లు, షెడ్లు అన్నీ కలిపిన మార్కెట్ విలువను లెక్కకు తీసుకున్నారు. గోధుమ వేసేవాడికి, గొర్రెలు మేపేవాడికి భూమి పనిముట్టు. పక్క పొలం మంచి ధరకు అమ్ముడైతే ఇతని భూమి విలువా పెరుగుతుంది, గింజ మాత్రం ఒక్కటీ పెరగదు. వాన మొహం చాటేసిన ఏడు కూడా బిల్లు తప్పదు. 2024-25లో కూడా వెయ్యి డాలర్ల విలువకు 28.7 సెంట్లే కాబట్టి అప్పటిదాకా నెట్టుకొచ్చారు.

తర్వాత ప్రభుత్వం అదే కొలత మీద బరువు పెంచింది. వరదల్లో పనిచేసే ఎస్‌ఈఎస్, అత్యవసర నంబరు 000 ఫోన్ కేంద్రం, స్టేట్ కంట్రోల్ సెంటర్, విపత్తు తర్వాత పునరుద్ధరణ చూసే విభాగం, అన్నిటినీ ఒకే నిధి కిందికి తెచ్చింది. సాగుభూమికి 83 సెంట్లన్నారు, ఎగువసభ బేరాల్లో అది 71.8కి దిగింది. ఆ రేటున 30 లక్షల డాలర్ల పొలానికి 861 డాలర్లు కాస్తా 2,154 అవుతాయి. స్థిర రుసుము వేరే. నాలుగు చోట్ల పొలం చెక్కలున్నా ఒకే సేద్యమైతే ఈ రుసుము ఒక్కసారే కట్టొచ్చు, కానీ విలువ మీది సుంకం ప్రతి చెక్కకూ పడుతుంది.

విపత్తులు పెరుగుతున్నాయి, ఖర్చు అందరూ పంచుకోవాలన్నది ప్రభుత్వ వాదన. ఇళ్లకూ రేటు 8.7 నుంచి 17.3 సెంట్లకు చేరింది. మెల్‌బోర్న్ శివార్లయిన టార్నీట్, పాయింట్ కుక్‌లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్ల కౌన్సిల్ బిల్లులోనూ ఈ పద్దు ఉంటుంది.

రైతు మాట వేరు. పల్లెలో పొగ లేస్తే, యూట్, అంటే పికప్ బండి, వెనక కొన్ని వందల లీటర్ల నీళ్ల ట్యాంకు, పెట్రోలుతో నడిచే నీటి పంపు, గొట్టం వేసుకుని ముందుగా చేరేది సాధారణంగా చుట్టుపక్కల రైతులే. సీఎఫ్‌ఏ వాలంటీర్లకు జీతం లేదు. డీజిలూ తమదే, పోయిన పనిరోజూ తమదే, మళ్లీ సుంకమూ తామే కట్టాలా అని వాళ్లడుగుతున్నారు. వాలంటీర్లకు రాయితీ ఉన్నా అది ఇల్లో పొలమో ఒక్క ఆస్తికే. అదీ అర్జీ పెట్టి తెచ్చుకోవాలి.

కరవు ముదిరి, మేత కొనలేక మందలు అమ్ముకుంటున్న రోజుల్లో, 2025 మే నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వాధినేత, ప్రీమియర్ జసింటా అలన్ 2025-26కు సాగుభూమికి పాత రేటే ఉంచుతామన్నారు. ఆగింది రేటు మాత్రమే. ఆస్తి విలువను ఏటా తిరగ లెక్కిస్తారు. 30 లక్షల పొలం 33 లక్షలని తేలిస్తే, ఆ 28.7 సెంట్ల మీదే 861 డాలర్ల సుంకం 947 అవుతుంది.