లక్వా సూదికి గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

దేవరకొండ వైపైనా అచ్చంపేట వైపైనా, మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతే ‘లక్వా కొట్టింది’ అంటారు. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. ఒకరు పసరు వైద్యుడి ఊరు చెప్తారు, ఇంకొకరు పావురం నెత్తురు రుద్దమంటారు. ఆర్ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి పోతాడు. ‘తెల్లారినంక నల్గొండకు తీస్కపోదాం’ అనుకుంటారు. పసరూ నెత్తురూ ఎందుకూ పనికిరావన్నది ఒక ఎత్తు, అవి టైము తినేయడం ఇంకో ఎత్తు. ఎందుకంటే లక్వాకు ఒక సూది ఉంది. దాని గడువు నాలుగున్నర గంటలు.

పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేవే. ఆ గడ్డను పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే పోగుల వల. దాన్ని తెంపగల ప్లాస్మిన్ మన రక్తంలోనే ప్లాస్మినోజెన్ అనే నిద్రావస్థలో తిరుగుతుంటుంది. సూదిలో ఇచ్చే ఆల్టిప్లేస్ అనే మందు దాన్ని నిద్ర లేపుతుంది. కరిగించే పని మాత్రం మన ఒంట్లో ఉన్నదే చేస్తుంది.

చెరువు తూము మూసుకుపోతే పైర్లన్నీ ఒకేసారి ఎండవు. మెదడులోనూ అంతే. గడ్డకు దగ్గరి భాగం నిమిషాల్లో చనిపోతుంది, చుట్టుపక్కల కణాలు పక్క నాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో పని మానేసినా ప్రాణం నిలుపుకుంటాయి. మందు కాపాడేది వీటినే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు.

మరి ఆలస్యమైనా ఇవ్వొచ్చు కదా? రక్తం అందక దెబ్బతిన్న నాళాల గోడలు గంటలు గడిచేకొద్దీ బలహీనపడతాయి. అప్పుడు గడ్డ కరిగితే రక్తం మెదడులోకే కారవచ్చు. 1990లలో స్ట్రెప్టోకైనేస్ అనే ఇంకో గడ్డ కరిగించే మందుతో చేసిన ప్రయోగాలను ఈ భయంతోనే ఆపేశారు. 1995లో అమెరికాలో మూడు గంటల లోపు ఆల్టిప్లేస్ ఇచ్చి చూశారు. మెదడులో ప్రమాదకరంగా రక్తం కారినవాళ్లు 6.4 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 0.6 శాతం. ఈ ఒక్క అంకె చూస్తే ఎవరైనా వద్దంటారు. కానీ మూడు నెలల తర్వాత చూస్తే మందు తీసుకున్నవాళ్లలో మరణాలు పెరగలేదు, వైకల్యం లేకుండానో, చాలా కొద్దిపాటి వైకల్యంతోనో బయటపడ్డవాళ్లు మాత్రం స్పష్టంగా పెరిగారు. 2008లో వచ్చిన ఇంకో ప్రయోగం గడువును నాలుగున్నర గంటలకు పొడిగించింది.

ఇక్కడే సీటీ స్కాన్ దగ్గర ఒక తికమక. కొన్ని పక్షవాతాలు నాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం వల్ల వస్తాయి, వాటికి ఈ సూది ఇవ్వకూడదు. అలా కారిన రక్తం ఫిల్ములో తెల్లగా కనిపిస్తుంది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే మొదటి గంటల్లో స్కాన్ దాదాపు మామూలుగానే ఉండొచ్చు. ‘స్కాన్ల ఏం లేదంట, ఇంటికి పోదాం’ అని బంధువులు లేస్తారు. నిజానికి అది సూది ఇవ్వడానికి దారి దొరికిందన్న మాట! బీపీ 185/110 కన్నా తక్కువకు దించి, షుగర్ చూసి మందు కలుపుతారు. మోతాదు కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు: అందులో 5.4 ఒక్క నిమిషంలో, మిగతా 48.6 గంటసేపు. సంతకం పెట్టాల్సిన కొడుకు ‘ఊళ్లె పెద్దనాయనను అడిగి చెప్త’ అని ఫోన్ పట్టుకునేది కూడా ఈ గడువులోనే.

గడియారం మొదలయ్యేది మీరు చూసినప్పుడు కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్నప్పుడు. రాత్రి పదికి మంచిగా పడుకుని పొద్దున ఆరింటికి చెయ్యి లేపలేకపోతే లెక్క పది నుంచే. అలాంటి కొందరికి ఎంఆర్ఐ చూసి సూది ఇచ్చే వీలుంటుంది గానీ, ఆ సౌకర్యం ప్రతిచోటా దొరకదు.

ఇప్పుడు టెనెక్టిప్లేస్ అనే ఇంకో గడ్డ కరిగించే మందు వచ్చింది. గంటసేపు ఎక్కించే పని లేదు, ఒక్కసారిగా ఇచ్చేయొచ్చు. మహబూబ్‌నగర్‌లోనో నల్గొండలోనో సూది వేసి, పెద్ద నాళంలో గడ్డ ఉన్నవాళ్లను తీగతో దాన్ని లాగేయడానికి హైదరాబాద్ పంపేటప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. ఎంచిన కొందరికి ఆ లాగే చికిత్స, చివరిసారి బాగా ఉన్నప్పటి నుంచి 24 గంటల లోపు కూడా చేస్తారు.

నోట్లో నీళ్లు, మాత్ర ఏదీ వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. వాడే మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకోండి. రక్తం పలచబడే అసిట్రోమ్ లాంటిది అందులో ఉంటే డాక్టర్ నిర్ణయమే మారిపోవచ్చు.