సముద్రానికి నీలం ఎందుకు వేయలేదంటే

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మా వీధి పిల్లలు నా బొమ్మలు చూసినప్పుడల్లా "తాతయ్యా, సముద్రానికి నీలం వేయలేదేం?" అని నిలదీస్తారు. నోటితో చెప్పబోతే సగంలోనే ఆటలకు పరుగెడతారు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. మీరూ చదవండి.

నేను చిత్రకళ చదువుకున్నవాణ్ణి కాదు. షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. అంటే, కట్టబోయే ఓడ భాగాలను కొలతల ప్రకారం కాగితం మీద గీయడం. మా నాన్నగారిదీ అక్కడే ఉద్యోగం. 1948 మార్చిలో నెహ్రూ గారు వచ్చి ‘జలఉష’ ఓడను నీళ్లలోకి దించిన రోజు గురించి ఆయన మొదలుపెడితే, కంచాల్లో అన్నం చల్లారిపోయేది. నా ఉద్యోగంలో పెన్సిలూ స్కేలూ తప్ప రంగు ఊసే లేదు. ఆ పిచ్చి రిటైరయ్యాక పట్టుకుంది. మా ఆవిడ దీనికి ఇంకో పేరు పెట్టింది, అది ఇక్కడ రాయదగినది కాదు.

ఇక సముద్రం సంగతి. మన ఊరికి సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే రామకృష్ణా బీచ్‌లో నిలబడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. నీటి మీద పడిన ఎండ తిన్నగా మన కళ్లలోకే వస్తుంది. అప్పుడు సముద్రం తెల్లగా మెరుస్తుంది, పడవలు నల్లని మచ్చల్లా కనిపిస్తాయి. నీలం వెతికినా దొరకదు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మన వీపు వైపుకు వచ్చేస్తాడు. నీలం కావలసినవాళ్లు ఆ వేళకు రావాలి. అప్పుడైనా ఒక్క రంగు కాదు. అల విరిగేచోట ఇసుక కలిసి మట్టిరంగు, దాని వెనుక పలచని ఆకుపచ్చ, లోతు పెరిగేకొద్దీ నీలం. నీరు ఎండలోని ఎరుపును ముందుగా మింగేస్తుంది. లోతు ఎక్కువైతే నీలమే ఎక్కువగా మిగిలి వెనక్కి వస్తుంది. మబ్బు పట్టిన రోజున నీటిలో ప్రతిఫలించడానికి ఆకాశంలోనే నీలం ఉండదు. నేను ఎక్కువగా పొద్దున్న పూట, మబ్బు రోజుల్లో వేస్తాను. నా బొమ్మల్లో నీలం ఎందుకు తక్కువో ఇప్పుడు తెలిసిందిగా.

మరి ఆ మెరుపు ఎలా వేస్తారంటారా? వేయను. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. గరుకు కాగితం తీసుకుని, కుంచెలో తడి బాగా తగ్గించి, దాన్ని పడుకోబెట్టి పక్కకు చరచరా లాగుతాను. కాగితం మిట్టలకు మాత్రం రంగు అంటుకుంటుంది, గుంటలు తెల్లగా ఉండిపోతాయి. ఆ చిన్న చిన్న తెల్లచుక్కలే నీటి మీద ఎండ. రెండోసారి కుంచె ఆడించారా, గుంటలన్నీ నిండిపోయి మెరుపు పోయినట్లే. వానాకాలంలో మన ఊరి ఉప్పుగాలికి కాగితం ఒక పట్టాన ఆరదు. వేసిన రంగు పక్కకు పాకుతుంది. మబ్బులు వేసుకోవడానికి అంతకంటే మంచి అదను లేదు. పడవ తెరచాప కొయ్య లాంటి సన్నని గీత గీయాలంటే మాత్రం ఫ్యాను కింద పెట్టుకుని కూర్చోవాలి.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశారా? ఆ ఇసుక రేణువులకు పట్టిన ఎరుపు ఇనుముది. తుప్పుకు రంగు వచ్చేదీ ఇనుము వల్లే. నా పెట్టెలో బర్న్‌ట్ సియెన్నా అనే గోధుమ ఎరుపు రంగు ఉంది. దానికి రంగునిచ్చేదీ ఇనుమే. ఇనుము ఉన్న పసుపు మట్టిని కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది, అదీ దాని పుట్టుక. ఆ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చక్కని బూడిదరంగు వస్తుంది. నా మబ్బు రోజుల సముద్రమంతా ఆ మిశ్రమమే. నలుపు సీసా నేను ముట్టను, దానితో వేస్తే నీరు చచ్చినట్లు ఉంటుంది. అన్నట్టు, దిబ్బల దగ్గర మట్టి మూటకట్టుకుని రాకండి. అది కాపాడుకోవలసిన చోటు. చూసి రండి చాలు.

ఈమధ్య నా మనసు ఏటికొప్పాక మీదికి మళ్లింది. లక్కపిడతలు చేసే ఊరది. అంకుడు కర్రను తరిణె (లేత్ యంత్రం) మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. కుంచె అక్కర్లేదు, ఆరే దాకా ఆగనక్కర్లేదు. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు తీస్తారు. ఆ గింజలు కొన్ని తెచ్చి నీళ్లలో నానబెట్టాను. నూనెలో అయితే రంగు బాగా దిగుతుందట. కానీ నూనె నా కాగితానికి పనికిరాదు. ఏం చేయాలా అని చూస్తున్నాను. వంటింట్లో గిన్నెలు మాయమవుతున్నాయని ఇంట్లో పేచీ కూడా మొదలైంది.

సెలవుల్లో వస్తే సాయంత్రం నాలుగింటికి బీచ్ రోడ్డులో జలాంతర్గామి మ్యూజియం పక్కన కలుద్దాం. గరుకు కాగితం, ఒక పెద్ద కుంచె, నీళ్లకు డబ్బా తెచ్చుకోండి. రంగులు నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య
విశాఖపట్నం